హైవే పని నడుస్తుండగా నేల, నీళ్ళు, చెట్లు పాడవకుండా చూసుకోవడం ఎలా

హైవే సైట్‌లో పర్యావరణం అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేవి రెండే, ట్యాంకర్‌తో దుమ్ము మీద నీళ్ళు కొట్టడం, పని అంతా అయ్యాక పక్కన మొక్కలు నాటడం. రెండూ కావాలి, కాదనను. కానీ అసలు నష్టం అక్కడ జరగదు, తవ్వి చదును చేసి పైన గడ్డి గానీ కంకర గానీ లేకుండా వదిలేసిన మట్టి మీద మొదటి పెద్ద వాన పడుతుంది చూడండి, ఆ రోజు జరుగుతుంది. అందుకే ఎవరు అడిగినా నేను ముందు ఇదే చెప్తాను, ఒకేసారి ఎంత నేల తెరుస్తున్నారు, తెరిచింది ఎన్ని రోజుల్లో మూస్తున్నారు, ఈ రెండూ చేతిలో ఉంటే సగం పని అయినట్టే, ఇవి చేజారితే మిగతావి ఎన్ని చేసినా వాగు ఎర్రబడటం ఆగదు. ఇది సైట్‌లో రోజూ నిలబడేవాళ్ళ కోసం రాస్తున్నా, ఇంజనీర్లు, సూపర్‌వైజర్లు, అలాగే కాంట్రాక్టు కాగితాలు తయారు చేసేవాళ్ళు కూడా చదవాలి.

మెషీన్ దిగకముందే

అలైన్‌మెంట్, అంటే రోడ్డు పోయే దారి, మొత్తం ఒకసారి కాలినడకన తిరగండి, జీపులో కాదు. వీలైతే వాన పడ్డ మర్నాడే తిరగండి. డ్రాయింగ్‌లో కల్వర్టు లేని చోట కూడా నీళ్ళు దాటుతూ ఉంటాయి, గడ్డి అంతా ఒకేవైపుకి పడుకుని ఉంటుంది, కంపలకి పుల్లలు ఆకులు చిక్కుకుని ఉంటాయి, అవి నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో చూస్తే నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో తెలిసిపోతుంది. అలాంటి చోట్లన్నీ మ్యాప్ మీద గుర్తు పెట్టుకోండి, వాటితో పాటు బావులు, చెరువులు, పెద్ద చెట్లు, జంతువులు నడిచే బాటలు, దగ్గర్లో ఇళ్ళు, బడులు, ఆసుపత్రులు. ఈ ఒక్క మ్యాప్ తర్వాత అన్ని నిర్ణయాలకీ పనికొస్తుంది.

ఆ మ్యాప్‌తో మొదట చేయాల్సింది తప్పించడం. పర్యావరణం పనిలో ఒక వరస ఉంది, ముందు నష్టాన్ని తప్పించు, కుదరకపోతే తగ్గించు, జరిగినదాన్ని బాగుచెయ్, అదీ కాకపోతేనే ఇంకో చోట పరిహారంగా ఏదైనా చెయ్. మనవాళ్ళు చాలాసార్లు చివరిదాంతో మొదలుపెడతారు. అలైన్‌మెంట్ మార్చడం సైట్ వాళ్ళ చేతిలో ఉండదు నిజమే, కానీ లేబర్ క్యాంపు ఎక్కడ, తారు కంకర వేడి చేసి కలిపే హాట్ మిక్స్ ప్లాంట్ ఎక్కడ, మిగులు మట్టి ఎక్కడ పోయాలి, టిప్పర్లు ఏ దారిన తిరగాలి, ఇవన్నీ మన చేతిలోవే. వీటిని వాగుకి, ఇళ్ళకి దూరంగా పెట్టడానికి ఖర్చు దాదాపు ఏమీ ఉండదు, పెట్టేశాక మార్చాలంటే మాత్రం నెలలు పడుతుంది.

ఇంకో సంగతి డబ్బు గురించి. సిల్ట్ ఫెన్స్ (కొట్టుకొచ్చే మట్టిని ఆపే బట్ట కంచె), పూడిక గుంటలు (మట్టి నీళ్ళు నిలిచి తేరే గుంటలు), వాలు మీద కప్పే మ్యాట్లు, ఇవన్నీ బిల్లులో విడి ఐటమ్‌లుగా, ఇంత పొడవుకి ఇంత, ఒకసారి పూడిక తీస్తే ఇంత అని రాసి ఉండాలి. "కాంట్రాక్టర్ తన ఖర్చుతో పర్యావరణ చర్యలన్నీ తీసుకోవాలి" అని ఒక్క లైన్ రాసి వదిలేస్తే ఏం జరుగుతుందో నేను చాలా సైట్లలో చూశాను, ఫోటో కోసం యాభై మీటర్ల ఫెన్స్ వేస్తారు, అది చిరిగిపోయాక ఎవరూ అటు చూడరు. కొలిచి డబ్బులిచ్చే పని మాత్రమే సైట్‌లో జరుగుతుంది. అలాగే పర్యావరణం చూసే మనిషికి పని ఆపే అధికారం రాతపూర్వకంగా ఇవ్వాలి, రిపోర్టు రాసే అధికారం ఒక్కటే ఇస్తే ఆ రిపోర్టు నెలాఖరున ఫైల్లోకి పోతుంది, అప్పటికి మట్టి వాగులో ఉంటుంది.

నేల తెరిచేటప్పుడు

రాబోయే రెండు మూడు వారాల్లో ఎంత మట్టి పని చేయగలరో అంతే క్లియర్ చేయండి. డోజర్ అద్దెకి వచ్చింది కదా అని ఇరవై కిలోమీటర్లు ఒకేసారి గీకించేస్తారు, అందులో పదిహేను కిలోమీటర్లు ఆర్నెల్లు ఖాళీగా పడి ఉంటాయి, ఎండకి పొడి అయి గాలికి లేస్తాయి, వానకి కొట్టుకుపోతాయి. వానల కాలం దగ్గర పడుతుంటే కొత్తగా తెరవడం ఆపేసి ఉన్నది ముగించడం మీద పడాలి, వాగుల దగ్గర పనులు నీళ్ళు తక్కువున్న నెలల్లోనే పెట్టుకోవాలి. దీనికోసం విడిగా ఏమీ కొనక్కర్లేదు, పని షెడ్యూల్ వేసేటప్పుడు వాన క్యాలెండర్ పక్కన పెట్టుకుంటే చాలు.

పైమట్టి విషయంలో చాలా నిర్లక్ష్యం కనిపిస్తుంది. పైనున్న 15 నుంచి 20 సెంటీమీటర్ల మట్టిలోనే విత్తనాలు, వేర్లకి సాయపడే శిలీంధ్రాలు, కుళ్ళిన ఆకు, అంతా ఉంటుంది. దాన్ని విడిగా తీసి విడిగా పోయాలి, కింద మట్టితో కలిస్తే దాని విలువ పోయినట్టే. కుప్ప ఎత్తు రెండు మీటర్లు దాటనివ్వకండి, ఎత్తు ఎక్కువైతే లోపల గాలి ఆడక మట్టిలో ప్రాణం చచ్చిపోతుంది. కుప్ప మీద టిప్పర్ ఎక్కించకూడదు, ఎక్కువ రోజులు ఉంచాలంటే పైన గడ్డి విత్తనం చల్లేయాలి. మనసులో అనుమానం ఉంటే ఒక పని చేయండి, కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి గుప్పెడు మట్టి తీసి వాసన చూడండి, తొలకరి వాసన వస్తే బావున్నట్టు, కుళ్ళిన గుడ్డు వాసన వస్తే లోపల గాలి అందట్లేదు, కుప్ప విప్పి పల్చగా పరచాల్సిందే. వాలు మీద గడ్డి పెంచాల్సిన రోజు వచ్చినప్పుడు ఈ మట్టి ఉన్నవాడు ఒక్క సీజన్‌లో పచ్చగా చేస్తాడు, లేనివాడు ఎరువులు పోసి పోసి అలసిపోతాడు.

చెట్ల గురించి ఒక్కటి బాగా గుర్తుంచుకోండి. ఉంచుదాం అనుకున్న చెట్టు చావడానికి గొడ్డలి వేటే పడక్కర్లేదు, దాని కింద ఒక నెల మెషీన్లు పార్క్ చేస్తే చాలు. వేర్లలో ఎక్కువ భాగం పైనున్న మీటరు లోపలే ఉంటాయి, మట్టి అణిగిపోతే వాటికి గాలీ నీళ్ళూ అందవు, చెట్టు అప్పుడే చావదు, రెండు మూడేళ్ళకి పైనుంచి ఎండుతూ వస్తుంది, అప్పటికి కాంట్రాక్టర్ వెళ్ళిపోయి ఉంటాడు, కారణం ఎవరికీ తెలీదు. మాను మందానికి 12 రెట్లు దూరం చుట్టూ వదలాలి అనేది వాడుకలో ఉన్న లెక్క, అంటే ఛాతీ ఎత్తులో 40 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న చెట్టుకి చుట్టూ 4.8 మీటర్లు. ఆ గీత మీద గట్టి కంచె వేయండి, రిబ్బన్ కడితే సరిపోదు, రిబ్బన్ మొదటి వారమే తెగిపోతుంది. చెట్టు మొదలు చుట్టూ మట్టి నింపడం కూడా తప్పే, ముప్పై సెంటీమీటర్లు పోసినా కొన్ని చెట్లు తట్టుకోలేవు.

నీళ్ళు, మట్టి

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే సైట్ నుంచి బయటికి పోయే నష్టంలో పెద్ద భాగం ఇదే.

మొదటి సూత్రం, శుభ్రమైన నీళ్ళని శుభ్రంగానే దాటించండి. పైనుంచి, అంటే సైట్ బయట నుంచి వచ్చే వాన నీళ్ళు మన తెరిచిన నేల మీదకి రాకముందే గట్టు వేసో కాలవ తీసో పక్కకి తిప్పి కిందకి వదిలేయాలి. అప్పుడు మనం శుభ్రం చేయాల్సింది మన నేల మీద పడ్డ వాన వరకే. ఈ పై కాలవ లేకుండా కింద ఎంత పెద్ద గుంట తవ్వినా అది నిండి పొంగుతుంది.

రెండోది, మీ మట్టి ఎలాంటిదో తెలుసుకోండి, దీనికి ల్యాబ్ అక్కర్లేదు. ఒక లీటరు పారదర్శకమైన బాటిల్ తీసుకుని మూడో వంతు సైట్ మట్టి వేసి నీళ్ళు నింపి రెండు నిమిషాలు బాగా గిలకొట్టి టేబుల్ మీద పెట్టండి, టైం రాసుకోండి. ఇసుక మీరు చూస్తుండగానే కిందకి దిగిపోతుంది, దాని మీద సన్నమట్టి పొర మెల్లగా కడుతుంది, జిగురు మట్టి ఉంటే మాత్రం మర్నాడు పొద్దున్న చూసినా పైన నీళ్ళు టీ లాగే ఉంటాయి. లెక్క ప్రకారం నిలకడ నీళ్ళలో ఒక మీటరు లోతు దిగడానికి 0.1 మిల్లీమీటర్ల ఇసుక రేణువుకి సుమారు రెండు నిమిషాలు, 0.01 మిల్లీమీటర్ల దానికి సుమారు మూడు గంటలు, 0.001 మిల్లీమీటర్ల జిగురు రేణువుకి దాదాపు రెండు వారాలు పడుతుంది. సైజు పదో వంతు అయితే టైం వంద రెట్లు పెరుగుతుంది అన్నమాట. కాబట్టి బాటిల్‌లో నీళ్ళు తేరకపోతే మీ గుంటలో కూడా తేరవు, అలాంటి సైట్‌లో మట్టి కదలకుండా ముందే కప్పేయడం తప్ప వేరే దారి చాలా కష్టం. పటిక లాంటివి కలిపి తేర్చొచ్చు, కానీ మోతాదు పరీక్ష చేశాకే, పాలిమర్లు వాడేటప్పుడు పాజిటివ్ ఛార్జ్ ఉన్న రకాలు చేపల మొప్పలకి హాని చేస్తాయి కాబట్టి వాటికి దూరంగా ఉండాలి.

సిల్ట్ ఫెన్స్ అందరూ వేస్తారు, సరిగ్గా వేసేవాళ్ళు తక్కువ. ఆ బట్ట నీళ్ళని వడకట్టే జల్లెడ అనుకుంటారు, నిజానికి దాని పని నీళ్ళని కాసేపు నిలబెట్టి మట్టిని కింద కూర్చోబెట్టడం. అందుకే వాలుకి అడ్డంగా, ఒకే ఎత్తు గీత మీద వేయాలి, రెండు చివర్లూ పైకి వంచాలి లేకపోతే నీళ్ళు చివర్ల నుంచి చుట్టూ తిరిగి పోతాయి. బట్ట అడుగు భాగం కనీసం 15 సెంటీమీటర్ల లోతు కాలవ తీసి అందులో పెట్టి మట్టి వేసి తొక్కాలి, పైన రాళ్ళు పెట్టి వదిలేస్తే మొదటి వానకే కింద నుంచి దూరిపోతుంది. 30 మీటర్ల ఫెన్స్‌కి పదో వంతు హెక్టారు నేల కంటే ఎక్కువ నీళ్ళు రాకూడదు. మూడో వంతు ఎత్తుకి పూడిక వచ్చిందంటే తీసేయాలి. వాగుకి అడ్డంగా ఎప్పుడూ, ఎప్పుడూ వేయకూడదు.

ఈ చివరి మాట నేను చేసిన తప్పు నుంచి చెప్తున్నా. ఉద్యోగంలో కొత్త, కల్వర్టు గుంట తవ్వి ఉంది, సాయంత్రం మబ్బు పట్టింది, ఏదో ఒకటి చేయాలని చిన్న వాగుకి అడ్డంగా రెండు వరసల ఫెన్స్ కట్టించి క్యాంపుకి వెళ్ళిపోయాను. రాత్రి వాన పడింది. పొద్దున్న వెళ్తే బట్ట లేదు, కర్రలు లేవు, ఒక కర్ర రెండొందల మీటర్ల కింద గట్టుకి గుచ్చుకుని ఉంది, వాగు పక్కన పరిచిన సన్నమట్టి మీద నా బూటు చీలమండ దాకా దిగింది. ఫెన్స్ నీళ్ళని ఆపింది, ఆగిన నీళ్ళు ఒక్కసారిగా తెంచుకుని పోయాయి, అంటే ఏమీ కట్టకుండా ఉంటే పోయేదానికంటే ఎక్కువ మట్టి నేను పంపించాను. కింద చేను ఉన్న పెద్దాయన దోసిట్లో నీళ్ళు తీసి నాకు చూపించి వేళ్ళ సందుల్లోంచి వదిలేశారు, ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు నుంచి మబ్బు పట్టాక చేసే పనుల మీద నాకు నమ్మకం పోయింది, అన్నీ నేల తెరవకముందే ఉండాలి.

నీళ్ళు ఒక చోటికి చేరే దారిలో అయితే ఫెన్స్ కాదు, రాళ్ళ చెక్‌డ్యామ్‌లు, వాటి కింద పూడిక గుంట. చెక్‌డ్యామ్ మధ్యలో తగ్గు ఉండాలి, అంచులు ఎత్తుగా ఉండాలి, లేకపోతే నీళ్ళు అంచుల పక్కన గట్టుని కోసుకుని పోతాయి. పై డ్యామ్ అడుగు, కింద డ్యామ్ నెత్తి ఒకే లెవెల్‌లో వచ్చేలా దూరం పెట్టుకుంటే మధ్యలో నేల కోసుకోదు. పూడిక గుంట సైజుకి అమెరికా వాళ్ళు వాడే లెక్క ఎకరానికి 3,600 ఘనపు అడుగులు, అంటే హెక్టారుకి సుమారు 250 ఘనపు మీటర్లు, ఇది మొదలుపెట్టడానికి పనికొస్తుంది, మీ దగ్గర కుండపోత వానలు పడితే పెంచుకోవాలి. గుంట పొడవు వెడల్పుకి కనీసం రెండింతలు ఉండాలి, నీళ్ళు అడుగు నుంచి కాకుండా పైపొర నుంచి బయటికి పోవాలి, తేరిన నీళ్ళు ఉండేది పైనే కదా.

వాలు తయారైన వారంలోనే కప్పేయండి, కట్ట పూర్తయ్యాక చూద్దాం అనొద్దు, ఎత్తు పెరిగే కొద్దీ దశలవారీగా కప్పుకుంటూ వెళ్ళాలి. గడ్డి విత్తనం, దాని మీద ఎండుగడ్డి గానీ కొబ్బరి పీచు మ్యాట్ గానీ. మ్యాట్ వేసేటప్పుడు కింద మట్టి గడ్డలు, రాళ్ళు తీసేసి మ్యాట్ నేలకి అంటుకునేలా మేకులు కొట్టాలి, మధ్యలో గాలి ఖాళీ ఉంటే నీళ్ళు దాని కిందనే పారి వాలు కోసేస్తాయి, పైనుంచి చూస్తే అంతా బావున్నట్టే ఉంటుంది. నిటారు వాలుకి వట్టివేరు వరసలు బాగా పనిచేస్తాయి, వేర్లు పక్కకి పాకకుండా నిలువుగా దిగుతాయి, మూడు మీటర్ల లోతు దాకా పోతాయి. ఎత్తైన కట్ట మీద వాన నీళ్ళు ఎక్కడపడితే అక్కడ కిందకి దూకకుండా అంచుకి చిన్న గట్టు కట్టి, కొంత దూరానికి ఒక పైపు గానీ తాత్కాలిక తూము గానీ పెట్టి దించాలి. ఇది లేని కట్టల మీద ఒక్క రాత్రిలో మనిషి నిలబడేంత లోతు గండ్లు పడటం చూశాను.

టిప్పర్లు మెయిన్ రోడ్డు ఎక్కే చోట 15 మీటర్ల పొడవైనా పెద్ద కంకర పరవండి, కింద జియోటెక్స్‌టైల్ బట్ట వేసి, లేకపోతే కంకర నెలలో మట్టిలోకి దిగిపోతుంది. టైర్ల మట్టి అక్కడే రాలిపోతే రోడ్డు మీద బురద, తర్వాత దుమ్ము, రెండూ తగ్గుతాయి.

వాగు దాటే చోట

కల్వర్టు, బ్రిడ్జి పనుల్లో వాగుని పైపులోనో లైనింగ్ వేసిన కాలవలోనో పక్కనుంచి దాటించి పని చేసే చోటు పొడిగా పెట్టుకోవాలి. తాత్కాలికంగా టిప్పర్లు దాటడానికి వేసే మట్టి కట్టలో రెండు సన్న పైపులు పెట్టి వదిలేయడం అందరూ చేసే పొరపాటు, పెద్ద వానకి అది డ్యామ్ అయిపోతుంది, పైన పొలాలు ఇళ్ళు మునుగుతాయి, తర్వాత తెగి కిందవాళ్ళు మునుగుతారు. ఎన్నాళ్ళు ఉంటుందో, ఆ నెలల్లో ఎంత వరద వస్తుందో చూసి పైపు సైజు లెక్కేయండి, పైన కొంత భాగం తక్కువ ఎత్తులో రాళ్ళతో కట్టి పొంగితే అక్కడి నుంచే పోయేలా పెట్టండి, వానల ముందు పూర్తిగా తీసేయగలిగితే ఇంకా మంచిది.

గుంటలోంచి తోడిన బురద నీళ్ళు పైపు పెట్టి నేరుగా వాగులోకి వదలొద్దు, గడ్డి నేల మీదకి పల్చగా వదలండి లేదా పూడిక గుంటలోకి పంపండి. వాగులోంచి నీళ్ళు తోడే పంపుకి సన్న జాలీ పెట్టండి, చేపపిల్లలు లోపలికి పోకుండా. కల్వర్టు అడుగు స్లాబ్ వాగు అడుగు కంటే కిందకి దించి పైన సహజమైన రాళ్ళు ఇసుక ఉండేలా కట్టాలి. అడుగు పైకి ఉంటే కొన్నాళ్ళకి కింది చివర నీళ్ళు జలపాతంలా పడి గుంట పడుతుంది, చేపలు ఎగువకి ఎక్కలేవు, ఆ వాగు పైభాగం వాటికి శాశ్వతంగా మూసుకుపోయినట్టే.

కాంక్రీటు కడిగిన నీళ్ళు చూడ్డానికి మామూలు బూడిద నీళ్ళలా ఉంటాయి గానీ పీహెచ్ 12 దాటుతుంది. చాలా చేపలకి 9 దాటితేనే ఇబ్బంది, పీహెచ్‌లో ఒక్క అంకె అంటే పది రెట్లు తేడా, అంటే 12 అనేది 9 కంటే వెయ్యి రెట్లు క్షారం. కాంక్రీటు కలిపే మిల్లర్, పంపు, కాంక్రీటు జారే చ్యూట్ కడగడానికి ప్లాస్టిక్ షీట్ పరిచిన గుంట ఒకటి వాగుకి దూరంగా పెట్టి దానికి బోర్డు కట్టండి, డ్రైవర్‌కి చూపించండి, ఎందుకంటే అతను సాయంత్రం తొందరలో ఉంటాడు, గుంట దూరంగా ఉండి దారి బురదగా ఉంటే కచ్చితంగా పక్కనున్న కాలవలో కడిగేస్తాడు. గుంటకి దారి బాగుచేయడం కూడా పర్యావరణం పనే.

డీజిల్ ట్యాంకు చుట్టూ కట్టే గోడ లోపలి కెపాసిటీ ట్యాంకు కెపాసిటీకి 110 శాతం ఉండాలి, అందులో చేరిన వాన నీళ్ళు బయటికి పోయే వాల్వు ఎప్పుడూ మూసే ఉండాలి, తెరిచి పెట్టిన వాల్వు ఉంటే గోడ ఉన్నా లేనట్టే. వాగుకి 30 మీటర్ల లోపల డీజిల్ పోయడం, ఆయిల్ మార్చడం వద్దు. ప్రతి పొక్లెయిన్ దగ్గరా ఒక బస్తా రంపపు పొట్టు, ఒక పార, రెండు ఖాళీ సంచులు ఉంచండి, హైడ్రాలిక్ పైపు పగిలితే మొదటి పది నిమిషాలే ముఖ్యం.

రాతి కట్టింగ్ ఉంటే ఇంకొకటి చూడాలి, రాయిలో పైరైట్ అనే ఇనుము, గంధకం ఉన్న ఖనిజం ఉందా అని. బంగారు రంగులో మెరిసే చిన్న పలుకులు కనిపిస్తే శాంపిల్ పంపండి. అది గాలికీ నీటికీ తగిలితే సల్ఫ్యూరిక్ ఆసిడ్ తయారవుతుంది. అమెరికాలో పెన్సిల్వేనియాలో ఇంటర్‌స్టేట్ 99 వేసేటప్పుడు స్కైటాప్ అనే చోట కొండ కోస్తే ఇలాంటి రాయి బయటపడింది, దాన్నే ఫిల్లింగ్‌కి వాడేశారు, ఆసిడ్ నీళ్ళు కారడం మొదలై పని ఆగింది, ఆ రాయంతా మళ్ళీ తవ్వి నీళ్ళు తగలకుండా పూడ్చిపెట్టాల్సి వచ్చింది. ముందే పరీక్ష చేసి ఉంటే ఆ కుప్ప అక్కడ ఉండేదే కాదు.

శాశ్వత డ్రైన్లు కట్టేటప్పుడు వీలైన చోట సిమెంట్ కాలవ బదులు గడ్డి కాలవ, మట్టి ఇసుక కంపోస్ట్ పొరలతో వడపోత గుంట పెట్టమని డిజైన్ వాళ్ళని అడగండి. టైర్లలో వాడే ఒక రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ క్వినోన్‌గా మారి రోడ్డు నీళ్ళతో వాగుల్లో చేరి కోహో సాల్మన్ చేపల్ని చంపుతోందని 2020లో వాషింగ్టన్ రాష్ట్ర శాస్త్రవేత్తలు బయటపెట్టారు. అదే రోడ్డు నీళ్ళని మట్టి వడపోతలోంచి పంపితే ఆ చేపలు బతికాయి.

దుమ్ము, శబ్దం

దుమ్ముకి నీళ్ళ కంటే ముందు స్పీడు. మట్టి దారిలో టిప్పర్ గంటకి 20 కిలోమీటర్లకి తగ్గితే లేచే దుమ్ము ఎంత తగ్గుతుందో కళ్ళతోనే చూడొచ్చు. తర్వాత దారిని కంకరతో గట్టి పరచడం, లోడుకి టార్పాలిన్ కప్పడం, ఆ తర్వాత నీళ్ళు. ట్యాంకర్ సాయంత్రం ఒకసారి కుమ్మరిస్తే బురద తప్ప లాభం లేదు, పల్చగా ఎక్కువసార్లు కొట్టాలి, పొద్దున్న బళ్ళు కదలకముందే మొదటిది పడాలి. తాగునీటి బావి నుంచి తోడి దుమ్ము మీద పోయకండి, పూడిక గుంటలో తేరిన నీళ్ళు ఉన్నాయి కదా, అవి వాడండి. ఉప్పు రసాయనాలు చల్లితే తేమ నిలుస్తుంది నిజమే, చెట్ల వేర్ల దగ్గర, బావుల దగ్గర మాత్రం వద్దు. రాయి కోసే, డ్రిల్ చేసే చోట నీళ్ళు పెట్టే కోయాలి, ఆ పొడిలో సిలికా ఉంటుంది, దాంతో ఊపిరితిత్తులు పాడైతే మళ్ళీ బాగవవు, ఇది మన పనివాళ్ళ ప్రాణం సంగతి.

శబ్దం విషయంలో దూరం మంచి మందు, మెషీన్ నుంచి దూరం రెట్టింపు అయితే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. జనరేటర్, కంప్రెసర్ ఇళ్ళ వైపు కాకుండా అటు పక్క పెట్టండి, మధ్యలో పైమట్టి కుప్పనే అడ్డుగోడలా వాడుకోవచ్చు, మెషీన్ కంటికి కనపడకుండా అయితేనే 5 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. రాత్రి పని తప్పనిసరి అయితే ఏ రోజు, ఎన్ని గంటల దాకా అని ముందే ఇంటింటికీ చెప్పండి, చెప్పిన టైంకి ఆపండి. పాత ఇళ్ళ దగ్గర బ్లాస్టింగ్‌కి ముందు, వైబ్రేటరీ రోలర్ తిప్పేముందు గోడల పగుళ్ళు ఇంటివాళ్ళ ముందే ఫోటో తీసి తేదీ రాసి ఒక కాపీ వాళ్ళకే ఇవ్వండి, మరీ దగ్గరైతే వైబ్రేషన్ ఆపి బరువుతోనే రోల్ చేయండి.

జంతువులు

పని జరిగేటప్పుడు జంతువులు చచ్చేది ఎక్కువగా గుంటల్లో. సాయంత్రం వదిలేసిన కాలవలో ఒక చివర ఏటవాలుగా మట్టి వేయండి లేదా గరుకు చెక్క ఒకటి పెట్టండి, పడ్డది ఎక్కి పోతుంది. పొద్దున్న మెషీన్ స్టార్ట్ చేయకముందు ఒక మనిషి టార్చ్ పట్టుకుని గుంటలన్నీ, పేర్చిన పైపులన్నీ చూడాలి, పైపుల్లో చల్లగా ఉంటుంది కాబట్టి పాములు, ఉడుములు, కుక్కపిల్లలు కూడా దూరి పడుకుంటాయి. చెట్టు కొట్టేముందు గూళ్ళు, తొర్రలు చూసి పిల్లలుంటే అవి ఎగిరేదాకా ఆ చెట్టు వదిలేయండి, గూళ్ళు కట్టే కాలం ముందే కొట్టేలా షెడ్యూల్ ఉంటే ఈ సమస్యే రాదు. రాత్రి లైట్లు కిందకి తిప్పి, పైకీ పక్కకీ పోకుండా కప్పు పెట్టండి.

రోడ్డు అడవి గుండా పోతుంటే అండర్‌పాస్‌లు, వాటికి దారి చూపే కంచె కలిపి ఉండాలి, ఒకటి ఉండి ఇంకోటి లేకపోతే పనిచేయదు. కెనడాలో బాన్ఫ్ నేషనల్ పార్క్‌లో ట్రాన్స్ కెనడా హైవే మీద ఈ రెండూ కలిపి పెట్టాక బళ్ళకి జంతువులు తగిలే ప్రమాదాలు 80 శాతం పైగా తగ్గాయి. అయితే జంతువులు వెంటనే వాడలేదు, గ్రిజ్లీ ఎలుగుబంట్లకి అలవాటు అవడానికి ఏళ్ళు పట్టింది. అందుకని అండర్‌పాస్ కట్టడం అయ్యాక దాన్ని సిమెంట్ బస్తాల గోడౌన్‌గా వాడకండి, అండర్‌పాస్‌లో లైట్లు పెట్టకండి, లోపల మట్టి నేల ఉంచి రెండు వైపులా స్థానిక పొదలు నాటండి. వేరే సైట్ నుంచి వచ్చిన డోజర్ ట్రాకుల్ని దిగకముందే కడిగించండి, ఆ మట్టిలో కలుపు విత్తనాలు వస్తాయి, ఒకసారి పాతుకుంటే పోవు.

మట్టి తెచ్చే చోట, ప్లాంట్, క్యాంపు

బారో గుంటలు, అంటే రోడ్డుకి మట్టి తవ్వి తెచ్చే గుంటలు, నిటారుగా తవ్వి వదిలేస్తే పిల్లలు పశువులు పడిపోతారు, నీళ్ళు నిలిచి దోమలు. తవ్వేముందే ఆ స్థలం వాళ్ళతో కూర్చుని చివరికి అది ఏమవ్వాలో రాసుకోండి, చెరువు కావాలా, మళ్ళీ సాగునేల కావాలా, దాన్నిబట్టి లోతు, వాలు. కట్టింగ్ మట్టి ఫిల్లింగ్‌కి సరిపోయేలా ముందే లెక్క చూసుకుంటే బయట తవ్వే అవసరం, లారీ డీజిల్, రెండూ తగ్గుతాయి. పాత రోడ్డు గీకిన తారు కంకర పారేయొద్దు, కొత్త మిక్స్‌లో కలపొచ్చు. వార్మ్ మిక్స్ అయితే మామూలు హాట్ మిక్స్ కంటే 20 నుంచి 40 డిగ్రీలు తక్కువ వేడితో అవుతుంది, పొగ, ఇంధనం రెండూ తగ్గుతాయి, రోడ్డు మీద నిలబడే పనివాళ్ళకి కూడా ఊపిరి ఆడుతుంది. క్యాంపులో వంటకి గ్యాస్ ఇవ్వండి, ఇవ్వకపోతే చుట్టుపక్కల చెట్లు పొయ్యిలోకి పోతాయి, ఆ తప్పు వాళ్ళది కాదు. మరుగుదొడ్లు సరిపోయినన్ని లేకపోతే వాగు గట్టే మరుగుదొడ్డి అవుతుంది.

చూసుకుంటూ ఉండటం

వారానికోసారి చెక్‌లిస్ట్ నింపడం కంటే వాన పడుతున్నప్పుడు గొడుగు పట్టుకుని వెళ్ళి చూడటం నూరు రెట్లు మేలు, ఏ గట్టు మీద నుంచి పొంగుతోంది, ఏ ఫెన్స్ కింద నుంచి కారుతోంది అప్పుడే తెలుస్తుంది, ఎండిపోయాక అన్నీ బావున్నట్టే కనిపిస్తాయి. వాగులో సైట్‌కి పైన ఒక చోట, కింద ఒక చోట నీళ్ళు పట్టి మడ్డి కొలవండి, పైన కూడా ఎర్రగా ఉంటే అది మీది కాదు, పైన తేటగా ఉండి కింద ఎర్రగా ఉంటే మీదే, వాదించక్కర్లేదు. మీటర్ లేకపోయినా రెండు గాజు గ్లాసులు పక్కపక్కన పెట్టి వెనక రాసిన కాగితం చదవగలుగుతున్నారా చూడండి, ఫోటో తీసి తేదీ వేసుకోండి. ఒకే చోట నిలబడి ప్రతి వారం ఒక ఫోటో తీస్తే ఆర్నెల్ల తర్వాత ఆ ఫోటోలే మీ తరఫున మాట్లాడతాయి. ఊళ్ళోవాళ్ళకి ఫోన్ నంబర్ బోర్డు పెట్టండి, ఎత్తే మనిషిని పెట్టండి, బావి నీళ్ళ రంగు మారింది, కాలవ పొంగింది అని మొదట తెలిసేది వాళ్ళకే.

రోడ్డు ప్రారంభం అయిపోయిందని సిల్ట్ ఫెన్స్‌లు వెంటనే పీకేయకండి. చుట్టుపక్కల సహజంగా ఎంత పచ్చదనం ఉంటుందో అందులో 70 శాతం దాకా వాలు మీద గడ్డి వచ్చాకే తీయాలి, తీసేముందు వెనక చేరిన పూడిక ఎత్తేయాలి, బట్ట, కర్రలు, మేకులు అన్నీ లెక్కపెట్టి వెనక్కి తీసుకెళ్ళాలి. తాత్కాలిక పైపు దారులు తీసి వాగు అడుగుని పాత వెడల్పుకి, పాత వాలుకి తేవాలి, అందుకే పని మొదలవకముందు ఆ వాగు కొలతలు, ఫోటోలు తీసి పెట్టుకోమనేది. క్యాంపు, ప్లాంట్ ఉన్న చోట నేల ఇటుకలా అణిగి ఉంటుంది, దాన్ని రిప్పర్‌తో లోతుగా చీల్చి, దాచిన పైమట్టి పరిచి, మొదటి వానకి ముందు విత్తనం వేయాలి. ఆ వాన పడ్డాక ఒకసారి వెళ్ళి చూడండి, బట్టతలలా మిగిలిన చోట్ల మళ్ళీ చల్లండి, వాగులో పైనా కిందా రెండు గ్లాసుల నీళ్ళు ఒకేలా కనిపిస్తే ఆఖరి రిపోర్టు రాసేయొచ్చు.